ముందు దూరం చెప్పండి, తూటా సంగతి తర్వాత

లీవర్ రైఫిళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లీవర్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి, ముందుకి తోసి వెనక్కి తెస్తే కొత్త తూటా ఎక్కే తుపాకీ. వాటి మీద ప్రశ్నలు పంపమంటే వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికాలో ఉంటున్న మనవాళ్లవి, మిగతా సగం హైదరాబాద్ పాత ఇళ్ల బీరువాల్లోంచి లేచినవి. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు మన దేశంలో సరదా వేట అనేదే లేదు. కాబట్టి కింద జింక, ఎల్క్ (జింక జాతిలోనే బాగా పెద్దది) అన్నప్పుడల్లా అమెరికాలో లైసెన్సు తీసుకుని చేసే వేట అనే చదువుకోండి.

కొలతలు కూడా ఇక్కడే చెప్పేస్తే మళ్లీ మళ్లీ ఆగక్కర్లేదు. యార్డు అంటే మనం ప్లాట్లు కొలిచే గజమే, మూడు అడుగులు. 150 గజాలంటే దాదాపు ఏడు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచినంత దూరం. తూటా అంటే ఇత్తడి గుల్ల, మందు, దానికి నిప్పంటించే ప్రైమర్, గుండు అన్నీ కలిసిన మొత్తం. ఎగిరి వెళ్లేది గుండు. .30-30, .45-70 లాంటివి తూటా సైజుల పేర్లు, మొదటి అంకె సుమారుగా గుండు లావు, అంగుళాల్లో. గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. పాత తులం, అంటే 11.66 గ్రాములది, సరిగ్గా 180 గ్రెయిన్లు. ఇప్పుడు నోటిమాటగా అనే పది గ్రాముల తులం కాదు. దెబ్బ బలం అడుగు-పౌండ్లలో ఉంటుంది: సెకనుకు అడుగుల్లో వేగం తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, గుండు గ్రెయిన్లతో మళ్లీ గుణించి, 4,50,437తో భాగించాలి.

ప్ర: నేను చాలా ఏళ్లుగా డెన్వర్‌లో ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. వచ్చే సీజన్‌లో మ్యూల్ డీర్‌కి, కుదిరితే ఎల్క్‌కి కూడా లీవర్ రైఫిల్ కొనాలని ఉంది. షాపతను .30-30 చాలంటున్నాడు. మా బావ .45-70 తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటున్నాడు. ఏది కొనమంటారు?
(డెన్వర్ నుంచి ఒక మలక్‌పేట వాసి)

జ: షాపతనూ మీ బావగారూ, ఇద్దరూ ఒక సంగతి అడగలేదు: ఎంత దూరం నుంచి కాలుస్తారు? లెక్క అక్కణ్నించే మొదలవ్వాలి.

.30-30లో మామూలుగా దొరికే 170 గ్రెయిన్ల గుండు, అంటే తులానికి కాస్త తక్కువ, సెకనుకు 2200 అడుగుల వేగంతో గొట్టం దాటుతుంది. అప్పుడు దాని బలం 1827 అడుగు-పౌండ్లు. 100 గజాలకి 1355 అవుతుంది, 200 గజాలకి 989. జింకకు తగిలేచోట 1000, ఎల్క్‌కి 1500 ఉండాలన్నది వేటగాళ్లు పెట్టుకున్న మోటు లెక్క. అది చట్టం కాదు, శాస్త్రం అంతకన్నా కాదు, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లని అతి ఆశ నుంచి కాపాడుతుంది. ఆ లెక్కన .30-30 మ్యూల్ డీర్‌కి 150 గజాల వరకు నిక్షేపంగా సరిపోతుంది. ఎల్క్‌కి మాత్రం 70 గజాల దగ్గరే 1500 కిందికి జారిపోతుంది. పెద్ద మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుందని గుర్తుంచుకోండి.

ఇక మీ బావగారి .45-70. ఆ ఒక్క పేరు మీదే రెండు రకాల తూటాలు అమ్ముతారని ఆయన చెప్పి ఉండరు. ఇది 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టిన సైజు. ఆ పాత లెక్కకు దగ్గరగా నింపిన 405 గ్రెయిన్ల తూటా, అంటే రెండుంబావు తులాల గుండు, 1330 అడుగుల వేగంతో బయల్దేరి 1590 అడుగు-పౌండ్లు ఇస్తుంది. 100 గజాల దగ్గర 1227. అంటే .30-30 కన్నా తక్కువే! అంతమాత్రాన తీసిపారేయడానికీ లేదు, అంత బరువైన గుండు ఎముక తగిలినా ఆగకుండా లోతుగా దిగుతుంది. ఇప్పటి రైఫిళ్ల కోసం నింపిన 325 గ్రెయిన్ల మెత్తటి మొన తూటా కథ వేరు: 2050 అడుగుల వేగం, గొట్టం దగ్గర 3032, 100 గజాలకి 2158, 200 గజాలకి 1516. బలం సరిపోయింది కదా అనుకునేలోపు గుండు దారిలోని వంపు వచ్చి అడ్డం పడుతుంది. 100 గజాల దగ్గర 3 అంగుళాలు పైకి తగిలేలా గురి సరిచేసుకుంటే 200 దగ్గర 4 అంగుళాలు కిందికి, 300 దగ్గర దాదాపు 28 అంగుళాలు కిందికి పడుతుంది. 250 అనుకున్న దూరం నిజానికి 280 అయిందనుకోండి, గుండు జంతువు పొట్ట కిందినుంచి పోతుంది, లేదంటే కాలు విరగ్గొడుతుంది. తప్పిపోయినా బాధ లేదు. కాలు విరిగిన ఎల్క్ రెండు గుట్టలు దాటి, మీకు దొరక్కుండా చస్తుంది.

అందుకని మీరు వేటాడే చోటు ఎలాంటిదో చూసుకోండి. వంద గజాలు దాటి కనిపించని దట్టమైన స్ప్రూస్ అడవి అయితే మీ బావగారి మాట వినండి, కొత్త రకం తూటాతో. లోయకి అవతలి గుట్ట మీద, పచ్చిక బయల్లో కనిపించే జంతువైతే ట్యూబ్ మ్యాగజైన్ రైఫిల్ (గొట్టం కింది ట్యూబ్‌లో తూటాలు వరసగా ఉండేది) ఏదీ వద్దు. లీవరే కావాలన్న పంతం ఉంటే .308 సైజులో బ్రౌనింగ్ బీఎల్ఆర్ లేదా హెన్రీ లాంగ్ రేంజర్ చూడండి. వీటిలో తూటాలు పెట్టె మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. తూటాని వెనక నుంచి మూసే బోల్టు తల తిరిగి, గొట్టం వెనకే తాళం పడుతుంది. అందుకే మొనదేలిన గుండు వాడుకోవచ్చు, ఎక్కువ ప్రెషర్‌కి కూడా భయం లేదు. తులం గుండుతో .308 బలం 200 గజాల దగ్గర 1896, 300 దగ్గర 1557. ఒకే రైఫిల్‌తో రెండు జంతువులూ అంటే మా ఓటు దీనికే. .30-30కి ఉన్న అందం దీనికి లేదు, ఒప్పుకుంటాం.

కొలరాడో నిబంధనలు కూడా చూసుకోండి. గొట్టం సైజు కనీసం .24, గొట్టం పొడవు కనీసం 16 అంగుళాలు. గుండు తగిలాక విచ్చుకునే రకం కావాలి. డీర్‌కి 70 గ్రెయిన్లు, ఎల్క్‌కి 85 గ్రెయిన్లు తగ్గకూడదు. కంపెనీ చెప్పిన బలం 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్లు ఉండాలి. పైన చెప్పినవన్నీ దాన్ని దాటుతాయి. 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. రైఫిల్ సీజన్‌లో నడుం పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, అదే రంగు టోపీ తప్పనిసరి.

ప్ర: .35 రెమింగ్టన్, .44 మాగ్నమ్, .444 మార్లిన్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తున్నాయి. జింకకు పనికొస్తాయా?
(అట్లాంటా)

జ: వస్తాయి, వేటి దూరం వాటిది. .44 మాగ్నమ్ అసలు రివాల్వర్ తూటా. రైఫిల్ గొట్టంలో 240 గ్రెయిన్లు 1760 అడుగుల వేగం అందుకుంటాయి గానీ, 1650తో బయల్దేరిన బలం 100 గజాలకే 1015. అదే దాని హద్దు. .444 మార్లిన్ గుండు కూడా అదే లావు, మందు ఎక్కువ: 2942తో మొదలై 100 గజాలకి 1755, 200కి 1010. పొట్టిగా, మొద్దుగా ఉన్న గుండు గాలిని చీల్చలేక వేగం ఎలా పారబోసుకుంటుందో ఆ అంకెల్లోనే కనిపిస్తోంది. .35 రెమింగ్టన్ (200 గ్రెయిన్లు, 100 గజాలకి 1280) .30-30కి అక్కలాంటిది, 125 గజాల లోపు మంచి తూటా. రైఫిల్ చవగ్గా వచ్చినా తూటాల పెట్టె ధర, దొరకడం ముందే కనుక్కోండి.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాం. పాత సావేజ్ 99 లీవర్ రైఫిల్ గానీ బీఎల్ఆర్ గానీ .358 వించెస్టర్‌లో కనిపిస్తే వదలకండి. 200 గ్రెయిన్ల గుండు 200 గజాల దగ్గర కూడా 1563 ఇస్తుంది. అడవిలో వేటకి అంత పొందికైన సైజు ఇంకోటి తక్కువ.

ప్ర: ట్యూబ్ మ్యాగజైన్‌లో మొనదేలిన గుండ్లు పెట్టకూడదంటారు. అంత ప్రమాదమా, లేక పాతకాలపు భయమా?
(డాలస్)

జ: భయం కాదు. ట్యూబ్‌లో తూటాలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ముందు నుంచి స్ప్రింగ్ వాటిని వెనక్కి నొక్కుతూ ఉంటుంది. అంటే ప్రతి గుండు మొనా ముందున్న తూటా ప్రైమర్‌కి ఆనుకునే ఉంటుంది. ప్రైమర్ పనే మొనతో పొడిస్తే మండటం. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది, లోపలి తూటాలు ఒక్క కుదుపుతో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. మొన గట్టిగా, సన్నగా ఉంటే ట్యూబ్‌లోనే పేలొచ్చు. సరిగ్గా ఆ చోటే మీ ఎడమ చేయి ఉంటుంది.

అందుకే .30-30 గుండు ముక్కు తడిమి చూస్తే పెన్సిల్ వెనక రబ్బరులా చదునుగా తగులుతుంది. హోర్నడీ కంపెనీ లీవరెవల్యూషన్ తూటాల్లో మొన ఉంది గానీ అది మెత్తటి రబ్బరు లాంటి పదార్థం, నొక్కితే అణుగుతుంది. ఆ తూటాతో .30-30లో 160 గ్రెయిన్లు 2400 అడుగుల వేగంతో వెళ్లి, 200 గజాల దగ్గర కూడా 1304 నిలుపుకుంటాయి. 170 గ్రెయిన్ల చదును ముక్కు అక్కడ 989కి పడిపోయిందని పైన చూశాం కదా, తేడాలో కొంత బయల్దేరే వేగానిది, ఎక్కువ భాగం ముక్కు ఆకారానిది.

సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ మెత్తటి మొన గుండు పొడవెక్కువ కాబట్టి .45-70, .444, .44 మాగ్నమ్ సైజుల్లో కంపెనీ ఇత్తడి గుల్లనే పొట్టి చేసింది. .45-70 గుల్ల మామూలుగా 2.105 అంగుళాలు, ఇందులో 2.040. ఆ ఖాళీ గుల్లల్ని మామూలు వాటితో కలిపేస్తే నోరు బిగించే డై సగానికి సరిగా పట్టదు, గుండు వదులై ట్యూబ్‌లో స్ప్రింగ్ ఒత్తిడికి లోపలికి దిగబడుతుంది. విడి డబ్బాలో పెట్టుకోండి.

ప్ర: సినిమాల్లో లాగా ఒక్క చేత్తో రైఫిల్ గిర్రున తిప్పి లోడ్ చేయాలంటే పెద్ద లూప్ (వేళ్లు దూర్చే వలయం) ఉన్న లీవర్ కొనాలా?
(కూకట్‌పల్లి)

జ: కొనొద్దు, తిప్పొద్దు. తిరిగేటప్పుడు గొట్టం ఒక క్షణం మీ మొహం వైపే ఉంటుంది. పెద్ద లూప్ ఉన్నది మంచు దేశాల్లో లావు గ్లవుజులు వేసుకునేవాళ్ల కోసం.

ప్ర: హెచ్-1బి మీద హ్యూస్టన్‌లో ఉన్నాను. దోస్తు వాళ్ల రాంచ్‌లో అడవిపందులు కాల్చడానికి పిలుస్తున్నాడు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో పందులకు లైసెన్సు అక్కర్లేదంట కదా? వాడి మార్లిన్ రైఫిల్‌తో కాల్చొచ్చా?
(హ్యూస్టన్ నుంచి ఒక దిల్‌సుఖ్‌నగర్ వాసి)

జ: ఇక్కడే మనవాళ్లు తెలియక ఇరుక్కుంటారు. పందుల విషయంలో మీ దోస్తు చెప్పింది నిజమే. 2019 నుంచి టెక్సస్‌లో భూమి యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో ఫెరల్ హాగ్ వేటకు హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. అది రాష్ట్రం మాట. ఫెడరల్ చట్టం ఇంకో మాట చెబుతుంది: హెచ్-1బి, ఎఫ్-1, బి-2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. అరువు తీసుకుని చేత్తో పట్టుకున్నా అది ఉంచుకోవడం కిందికే వస్తుంది. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. అంటే పంది కోసం అక్కర్లేని లైసెన్సు మీ వీసా కోసం కావాలి. ముందు అది కొనుక్కుని, కాగితం జేబులో పెట్టుకుని, అప్పుడు రైఫిల్ ముట్టుకోండి. టెక్సస్ లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ గడువున్న లైసెన్సు సెప్టెంబర్‌లో చెల్లదు, ఏ సంవత్సరానిదో చూసి కొనండి.

సైజు సంగతంటారా, 100 గజాల లోపు పందికి .30-30 హాయిగా సరిపోతుంది. ముసలి మగ పందికి భుజం మీద గట్టి తోలు డాలులా ఉంటుంది, కాబట్టి 150 కన్నా 170 గ్రెయిన్లు తీసుకోండి. జింకకు కొట్టినట్టు భుజం వెనక్కి గురిపెట్టకండి. పందికి గుండె, ఊపిరితిత్తులు కాస్త ముందుకి, కిందికి ఉంటాయి. ముందుకాలు గీతలోనే, ఒంట్లో కింది మూడోవంతు దగ్గర పెట్టండి.

ప్ర: మాది మెదక్ దిక్కు పల్లె. మక్క చేను రాత్రికి రాత్రి పందులు తొక్కి కరాబు జేస్తున్నయ్. పటాకులు కాల్చినా పోతలేవు. గీ లీవర్ తుపాకీ లైసెన్సు మీద తెచ్చుకుంటే ఏ సైజు మంచిదో చెప్పున్రి.
(మెదక్ జిల్లా రైతు)

జ: మీ బాధ అర్థమైంది గానీ, ఈ దారిలో మీ పని కాదు. ఆయుధాల చట్టంలో పంట కాపలా పేరు మీద ప్రస్తావించింది మూతి వైపు నుంచి మందు కూరే నాటు తుపాకీ. లోపల మెలి తిరిగిన గాళ్లు లేని, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న తుపాకీని ఆత్మరక్షణకో క్రీడకో అడగొచ్చు. రైఫిల్ గొట్టంలో ఆ గాళ్లు ఉంటాయి కాబట్టి లీవర్ రైఫిల్ ఈ రెంటిలోనూ రాదు. ఇంకో సంగతి, తుపాకీ లైసెన్సు వేరు, పందిని చంపే అనుమతి వేరు. రెండోది వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఇవ్వాలి. అది చేతిలో లేకుండా కాలిస్తే కేసే.

మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో పంట నష్టం ఫొటోలు, పాస్‌బుక్ కాపీతో దరఖాస్తు పెట్టండి. నష్టపరిహారం గురించీ అక్కడే అడగండి. చేను చుట్టూ సోలార్ ఫెన్సింగ్ వేస్తే దాని మిషన్ క్షణంలో ఒక వంతు షాక్ కొట్టి ఆపుతుంది, జంతువు బెదిరి పోతుంది. కింది తీగ నేలకి జానెడు ఎత్తులో లేకపోతే పంది దూరిపోతుంది, గడ్డి తగిలితే షాక్ నేలలోకి పోతుంది, కాబట్టి తీగ కింద కలుపు తీస్తూ ఉండాలి. మోటారు కరెంటు మాత్రం తీగకి కలపకండి. దానికి చచ్చేది పంది ఒక్కటే కాదు, తెల్లారి చేనుకొచ్చే మనుషులు కూడా.

ప్ర: మా తాతగారి కాలంనాటి వించెస్టర్ 94 ఇంట్లో ఉంది. ఆయన పోయారు. గొట్టం మీద "32 డబ్ల్యు.ఎస్." అని అక్షరాలున్నాయి. అమెరికా నుంచి వచ్చిన మా మేనమామ ఇది .30-30 అనే అంటున్నారు. ఏం చేయాలి?
(సికింద్రాబాద్)

జ: మొదట చేయాల్సింది రైఫిల్‌తో కాదు, కాగితాలతో. లైసెన్సుదారు చనిపోయాక ఆ ఆయుధం ఇంట్లో ఉంచుకునే హక్కు ఎవరికీ ఉండదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. తర్వాత వారసుల్లో ఒకరు, మిగతావాళ్ల అభ్యంతరం లేదన్న కాగితాలతో, కొత్త లైసెన్సుకి దరఖాస్తు చేయాలి. హైదరాబాద్‌లో అది పోలీస్ కమిషనర్ పరిధి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి పేరు మీద రెండే ఆయుధాలు ఉండొచ్చు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక గొట్టం మీద అక్షరాలు. అవి .32 వించెస్టర్ స్పెషల్ అని అర్థం, .30-30 కాదు. వించెస్టర్ తన .30-30లను ".30 డబ్ల్యు.సి.ఎఫ్." అని ముద్రించేది. రెండింటి గుల్లలూ .38-55 అనే ఒకే తల్లికి పుట్టినవి, అందుకే మీ మేనమామ గారి తూటా ఇందులో ఇబ్బంది లేకుండా దూరుతుంది, పేలుతుంది కూడా. కానీ .30-30 గుండు లావు .308 అంగుళాలు, ఈ గొట్టానికి కావాల్సింది .321. గుండు లోపల వదులుగా దొర్లుకుంటూ పోయి ఎక్కడ తగులుతుందో తెలియదు, గుల్ల మెడ చీలిపోతుంది. దూరింది కదా అని కాల్చడమే ఇలాంటి పాత రైఫిళ్లతో జరిగే పెద్ద పొరపాటు. ".44 డబ్ల్యు.సి.ఎఫ్." అని ఉంటే అది .44-40; దాన్ని .44 మాగ్నమ్ అనుకుంటే ప్రమాదం ఇంకా పెద్దది. అక్షరాలు అరిగిపోతే తుపాకీ మరమ్మతు తెలిసినవాడితో చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) తక్కువ వేడికి కరిగే లోహం పోయించి అచ్చు తీయించి కొలిపించండి.

మీ దాని వయసు తెలుసుకోవాలంటే సీరియల్ నంబర్ చూడండి. 27,00,000కి తక్కువైతే 1964కు ముందు రకం; లోపలి భాగాలు ఉక్కులో కోసి చేసినవి, విలువ ఎక్కువ.

ఇలాంటి సొత్తు ఉన్నవాళ్లందరికీ ఇంకొక్కటి. లైసెన్సులో సైజు రాయించేటప్పుడు గొట్టం మీద ఉన్నది ఉన్నట్టే రాయించండి. .30-30ని యూరప్ లెక్కలో 7.62×51ఆర్ అంటారు. చివరి అక్షరం జారిపోతే అది సైనిక తూటా పేరవుతుంది, ఆ తూటా పట్టే రైఫిల్ నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు లైసెన్సు దొరకని సైజు. వించెస్టర్ 1895 మోడల్ కూడా పాత ఇళ్లలో ఉండొచ్చు. అది .405లో వస్తే ఒక సంగతి (బెంగుళూరు వేటగాడు కెన్నెత్ అండర్సన్ చేతిలో ఉన్నది అదే, 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకి పట్టుకెళ్లినదీ అదే), .303లో వస్తే ఇంకో సంగతి. .303 మన దగ్గర నిషిద్ధ బోరే.

ప్ర: పాత మార్లిన్ 336 కొన్నాను. మూడో తూటాకో నాలుగో తూటాకో లీవర్ సగంలో బిగుసుకుపోతోంది, ముందుకీ రాదు వెనక్కీ పోదు.
(న్యూజెర్సీ)

జ: రెండు కారణాల్లో ఒకటి. మొదటిది మీ చేయి. లీవర్‌ని కిందికి, ముందుకి చివరిదాకా కొట్టకుండా భయంభయంగా సగం తీస్తే కొత్త తూటా సరిగా లేవదు. బయటికి తోసేటప్పుడు ఎంత జోరుగా తోస్తారో, వెనక్కి తెచ్చేటప్పుడూ అంతే జోరు ఉండాలి.

చేయి సరిగా ఉన్నా ఆగుతోందంటే దాన్నే అక్కడివాళ్లు మార్లిన్ జామ్ అంటారు. తూటాని ట్యూబ్ నుంచి చాంబర్ ఎత్తుకి లేపే క్యారియర్ అనే ముక్క ఉంటుంది. లీవర్ మీది ఒక పదునైన అంచు ప్రతిసారీ దాని అడుగున గీరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చిన్న గాడి పడి, క్యారియర్ ఉండాల్సిన ఎత్తుకన్నా వెంట్రుకవాసి కిందకి కూర్చుంటుంది. ఆ సందులోంచి రెండో తూటా అంచు దాని కిందికి జారుతుంది. అంతే, తాళం పడ్డట్టే.

అలా బిగిసినప్పుడు లీవర్‌ని బలంగా లాగకండి. గొట్టం క్షేమమైన వైపు పెట్టి, లీవర్ స్క్రూ తీసి, లీవర్ బయటికి లాగితే బోల్టు వెనక్కి వచ్చేస్తుంది, తూటాలు ఒక్కొక్కటే తీసేయొచ్చు. బోల్టు వచ్చేటప్పుడు ఎడమ గోడ దగ్గర, ఖాళీ గుల్లని బయటికి విసిరే సన్నటి ఎజెక్టర్ ముక్క జారి కిందపడుతుంది. కార్పెట్ మీద పోతే సాయంత్రమంతా వెతుక్కోవాలి, అందుకని కింద తెల్ల తువ్వాలు పరవండి. మళ్లీ బిగించేటప్పుడు ముందు ఎజెక్టర్ మీది చిన్న పిన్నుని గోడలోని రంధ్రంలో కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే బోల్టు. గాడి లోతుగా ఉంటే క్యారియర్ మార్పించి, లీవర్ పదును అంచుని సన్నటి ఆకురాయితో గుండ్రం చేయించండి. గుండ్రం చేయకుండా ముక్క ఒక్కటే మారిస్తే కొత్తదాన్నీ అలాగే తింటుంది. తూటాలు దూర్చే పక్క ద్వారం స్క్రూ వదులైనా ఇదే జబ్బులా కనిపిస్తుంది, ముందు అది బిగించి చూడండి.

ఇలా విప్పడం తెలిస్తే ఇంకో లాభం, గొట్టాన్ని వెనక నుంచే శుభ్రం చేసుకోవచ్చు. వించెస్టర్ 94లో అంత తేలిక కాదు కాబట్టి మూతి వైపు నుంచి కడ్డీ దూరుస్తారు. కడ్డీ రాసుకుని మూతి అంచు అరిగితే గురి పోతుంది.

ప్ర: గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకున్నాను. ఇప్పుడు మిషిగన్‌లో చదువుతున్నాను. అన్నయ్య .30-30 ఇస్తానన్నాడు, స్కోపు లేదు. గురి ఎలా సరిచేయాలి, ఎంత దూరం కాల్చొచ్చు?
(ఈస్ట్ ల్యాన్సింగ్)

జ: ఎఫ్-1 మీద ఉంటే పైన హ్యూస్టన్ జవాబు ముందు చదవండి. తర్వాత రైఫిల్.

మీరు నేర్చుకున్న ఆటలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఇక్కడ జింక గుండె, ఊపిరితిత్తుల మేర దాదాపు 8 అంగుళాలు. అందుకని మొదటి రోజు గుండ్లు తగిలిన రంధ్రాల గుంపు 4 అంగుళాలు వచ్చిందని బెంగపడకండి, ఇనప గురితో 100 గజాల దగ్గర అది చాలు.

స్క్రూలన్నీ బిగించి, 25 గజాల దగ్గర ఇసుక సంచి మీద చెక్క భాగం ఆనించి కాల్చండి. గొట్టాన్ని సంచికి ఆనిస్తే గుండు వేరేచోట తగులుతుంది. మూడు కాల్చి, గుంపు మధ్యను చూసి వెనక గురిని జరపండి: గుండు ఎటు పోవాలో వెనక గురి అటే. ముందు గురి జరిపితే దానికి రివర్స్. 25 దగ్గర నడిమధ్యన తగిలితే 100 దగ్గర ఒకటి రెండు అంగుళాల తేడాలోనే ఉంటుంది. అప్పుడు 100కి వెళ్లి, మూడు కాల్చాక ప్రతిసారీ గొట్టం చల్లారనివ్వండి. సన్నటి గొట్టానికి ట్యూబు పట్టీలతో వేలాడుతూ ఉంటుంది, వేడెక్కితే గుంపు నిలువుగా సాగుతుంది. అది మీ తప్పనుకుని గురి తిప్పారంటే ఇంక సరిపడదు.

ఎంత జరపాలో లెక్క కావాలంటే తేడాని రెండు గురుల మధ్య పొడవుతో గుణించి, దూరంతో భాగించండి, అన్నీ అంగుళాల్లో. 100 గజాల దగ్గర 4 అంగుళాలు కిందికి తగిలింది, గురుల మధ్య 20 అంగుళాలు ఉందనుకోండి: 4×20÷3600, అంటే 0.022 అంగుళం, అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. వెనక గురిని అంత పైకి లేపాలి. 150 గ్రెయిన్ల పెట్టెతో సరిచేసి 170తో వేటకు వెళ్తే ఇదంతా వృథా.

దూరం మాట. ముందు గురి పూస లావు 1/16 అంగుళం అయితే 100 గజాల దగ్గర అది దాదాపు 7 అంగుళాల మేర కప్పేస్తుంది, 200 దగ్గర 14. అంటే అక్కడ పూస వెనక జింక ఛాతీ మొత్తం దాక్కుంటుంది, గుండు కూడా 8, 9 అంగుళాలు దిగి ఉంటుంది. మీరు గురిపెట్టడం లేదు, సుమారుగా చూపిస్తున్నారంతే. మీ సొంత హద్దు తెలియాలంటే 8 అంగుళాల పేపర్ ప్లేటు పెట్టి, ఇసుక సంచి లేకుండా, వేటలో ఎలా నిలబడతారో అలా నిలబడి ఐదు కాల్చండి. ఎయిర్ రైఫిల్‌లో అలవాటైన తేలిక ట్రిగ్గర్ ఇక్కడ ఉండదు, వేలు బరువుగా లాగాల్సి వస్తుంది; మొదటి రోజు గుండ్లు కుడివైపో కిందికో పోతుంటే కారణం అదే. ఐదుకు ఐదూ పడేదాకా 50 గజాల దగ్గరే ఉండి, తర్వాత పది పది గజాలు వెనక్కి జరగండి. ఒక్కటి తప్పిన చోట ఆగి, ఆ దూరం ప్లేటు వెనక రాసుకుని, వేటకి వెళ్లేటప్పుడు అదే తూటాల పెట్టెలో పెట్టుకోండి.